భార్య పోయిన దుఃఖంలో చెరువు కట్ట మీద దొరికే నెమ్మది దేవుని ఓదార్పేనా?

తమ్ముడూ, వందనాలు. వయసులో నేనే పెద్దదాన్ని కాబట్టి ఇలా పిలుస్తున్నాను.

మీరు అడిగింది ఇది. మీ భార్య గత జూన్‌లో, తొలకరి పడ్డ వారంలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఎనిమిది నెలలైంది. చర్చికి వెళ్తున్నారు గానీ పాటలు మొదలవగానే లేచి బయటికి రావాలనిపిస్తోంది. మోకరిస్తే మాట రావడం లేదు. అదే పొద్దున హన్మకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద కాసేపు నడిస్తే మాత్రం ఛాతీ మీద బరువు కొంచెం దిగుతోంది. సంఘంలో ఒక పెద్దాయన "సృష్టికర్తను వదిలేసి సృష్టి దగ్గర ఓదార్పు వెతుక్కుంటున్నావు" అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. డాబా మీద ఆమె పెంచిన కుండీల వైపు చూడలేకపోతున్నారు. కొడుకేమో హైదరాబాద్ వచ్చేయమంటున్నాడు.

నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి, ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత మా సంఘంలో భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చోవడం నా పనైపోయింది. పాస్టరు గారు చెప్పినట్టు చెప్పడం నాకు రాదు. వార్డులో, ఆ ఇళ్లలో చూసిందే రాస్తాను.

అన్నిటికన్నా ముందు నర్సు అడగాల్సిన ప్రశ్న. నీళ్ల పక్కన నిలబడ్డప్పుడు "నేను కూడా పోతే బాగుండు" అనిపిస్తోందా? సూటిగా అడిగానని ఏమీ అనుకోకండి. ఆమె దగ్గరికి వెళ్లిపోవాలని ఉండడం ఈ దుఃఖంలో చాలామందికి ఉండేదే. అది అక్కడితో ఆగిందా, ఎలా, ఎప్పుడు అని ఆలోచించేదాకా పోయిందా అన్నది చూసుకోవాలి. అంతదాకా పోతే ఇది చదవడం ఆపి వెంటనే కొడుక్కి ఫోన్ చేయండి, లేదంటే 14416కు చేయండి. అది టెలీమానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

విశ్వాసికి అలాంటి ఆలోచనే రాకూడదని ఎవరైనా అంటే బైబిల్లోని ఏలీయా సంగతి చెప్పండి. కర్మెలు పర్వతం మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం కళ్లారా చూసిన ప్రవక్త, ఆ వెంటనే అరణ్యంలో ఒక బదరీవృక్షం కింద కూలబడి తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణే అడిగాడు. దేవుడు గద్దించలేదు, వాక్యం కూడా చెప్పలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ, అక్కడ దేవునితో మాటలు, అవన్నీ ఆ తర్వాతే.

మీరు ఏం తింటున్నారో రాయలేదు. వంట అలవాటు లేని మగవాళ్లు భార్య పోయాక చాయ్, బిస్కెట్ల మీద, పక్కింటివాళ్లు ఇచ్చిన కూర మీద రోజులు నెట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను. బీపీ గోళీలు ఆమే చేతికిచ్చేది కాబట్టి ఇప్పుడు వేసుకోవడమే మానేసినవాళ్లూ ఉన్నారు. జీవిత భాగస్వామి పోయిన మొదటి నెలల్లో, ముఖ్యంగా మగవాళ్లలో, గుండెకు ముప్పు పెరుగుతుందని డాక్టర్లు ఎప్పటి నుంచో చెప్తున్నదే. కాబట్టి రెండు పూటలా అన్నమో జొన్నరొట్టో, గోళీలు, వీలైనంత నిద్ర. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే రాత్రి నిద్ర కాస్త దారికి వస్తుంది. మీ కట్ట మీది నడక మీకు తెలియకుండానే ఆ పని చేస్తోంది, దాన్ని మానొద్దు.

ఇక పెద్దాయన మాట. అందులో సగం నిజముంది. ఏలీయా కథలోనే పెద్ద గాలి వచ్చి కొండలను బద్దలు చేస్తుంది, భూకంపం వస్తుంది, మంట వస్తుంది. యెహోవా వాటిలో లేడని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. చెరువు దేవుడు కాదు, గాలి దేవుడు కాదు. అయితే వాటిలో లేని దేవుడు ఏలీయాను గుడి లోపలికి పిలవలేదు. కొండ మీద నిలబడమన్నాడు, ఆ గాలీ మంటా దాటిపోయాక నిమ్మళంగా మాట్లాడాడు. మీ పెద్దాయన ఈ రెండో సగం మర్చిపోయాడు.

యోబు సంగతి ఇంకా గట్టిది. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఒక్కరోజే పోయారు. స్నేహితులు వచ్చి ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అంతవరకు వాళ్లంత మంచివాళ్లు లేరు. నోరు తెరిచాక మొదలైంది అసలు హింస. నీలో ఏదో పాపముంది, నీ విశ్వాసంలో ఏదో లోపముంది అంటూ సాగదీశారు. చివరికి దేవుడు మాట్లాడినప్పుడు యోబు అడిగిన "ఎందుకు" అన్నదానికి జవాబే చెప్పలేదు. మంచు నిల్వలు చూశావా, కొండమేకలు ఎప్పుడు ఈనతాయో తెలుసా, కాకి పిల్లలు ఆకలితో అరిస్తే మేత పెట్టేదెవరు, గద్ద ఎవరి జ్ఞానంతో ఎగురుతోంది అంటూ అధ్యాయాల కొద్దీ సృష్టిని చూపించాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది నాకు దేవుడు మాట తప్పించినట్టు అనిపించేది. వార్డులో చావులు చూసి, నా ఇంట్లోనూ చూశాక వేరుగా కనిపించింది. ఆ సమయంలో కారణం చెప్పినా మనిషికి ఎక్కదు. నువ్వు ఒక్కడివే లేవు, నీ దుఃఖం కన్నా పెద్దదైన లోకం ఒకటి నా చేతిలో ఉంది, రా, చూడు అని పక్కకు తీసుకెళ్లడం లాంటిది అది.

నిజంగా మీతో చెప్పాలనుకున్నది మాత్రం రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. చావు కూటాల్లో అందులోంచి సమస్తము సమకూడి మేలుకొరకే అన్న వచనం ఒక్కటే చదువుతారు. భార్యను మట్టిలో పెట్టి వచ్చిన మనిషికి ఆ పూట ఆ ముక్క చదవడం నాకు ఏనాడూ నచ్చలేదు. దానికి కాస్త పైన చూడండి. సృష్టి అంతా ఏకంగా మూలుగుతూ ప్రసవవేదన పడుతోందని పౌలు రాశాడు. ఆ వెంటనే మనం కూడా మూలుగుతున్నామంటాడు. ఆ తర్వాత, మనకు ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ తానే "ఉచ్చరింపశక్యము కాని మూలుగులతో" మన కోసం విజ్ఞాపన చేస్తాడంటాడు. మూడు మూలుగులు: సృష్టిది, మనది, దేవుని ఆత్మది. మీకు పాటల మధ్య ఊపిరాడక కట్ట మీద ఊపిరాడడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ఆదివారం ఆ గంటసేపు సంఘం మిమ్మల్ని సంతోషించమంటుంది. చెరువు అలా అడగదు. అది కూడా మూలుగుతూ, ఎదురుచూస్తూ ఉన్నదే. దుఃఖంలో ఉన్నవాడు దుఃఖంలో ఉన్న దాని పక్కన కూర్చుంటే తప్పెలా అవుతుంది?

ప్రకృతి అనగానే పచ్చదనం, ప్రశాంతత, పక్షుల పాట అని మాత్రమే రాస్తారు. మన వైపు మనుషులకు అది సగమే నిజమని తెలుసు. 2023 జూలైలో మోరంచవాగు ఒక్క రాత్రిలో మోరంచపల్లిని ముంచింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు కూలిపోయాయి. ఒకే అడవిలో అన్ని చెట్లు అలా పడి ఉండటం చూసినవాళ్లకు మాట రాలేదు. భార్య పోయినవాడికి ఆ అడవి, నిండు చెరువు కన్నా బాగా అర్థమవుతుంది. అలాంటి చోట నిలబడి "ప్రభువా, ఇదేంటి?" అని అడగడం కూడా ప్రార్థనే. కీర్తనల్లో చాలా ఇలాంటివే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినదాన్నవుతాను. చెట్లను చూపించి చెప్పే ఓదార్పుకు ఒక హద్దుంది. సమాధి కూటాల్లో యోబు 14లోని చెట్టు మాట ఇష్టంగా చదువుతారు: నరికిన చెట్టు మళ్లీ చిగురిస్తుందన్న నమ్మకం ఉంది, నీళ్ల వాసనకే అది మొలకెత్తుతుంది అని. మన టేకు మొద్దు కూడా అలాగే చిగురిస్తుంది, అడవికి వెళ్తే చూడవచ్చు. కానీ యోబు అక్కడ ఓదార్పు చెప్పడం లేదు, ఫిర్యాదు చేస్తున్నాడు. చెట్టుకైనా ఆశ ఉంది, మనిషి పడుకుంటే లేవడే అని. నిజమే కదా. మార్చిలో వేపకు వచ్చే చిగురు కొత్త ఆకు. రాలిన ఆకు తిరిగి కొమ్మకు అతుక్కోదు. వసంతం వచ్చినట్టు మీ భార్య తిరిగి వస్తుందని ఎవరన్నా అంటే మీకు ఒళ్లు మండితే, అది అవిశ్వాసం కాదు, చూపు సరిగ్గా ఉన్నట్టు. యోబు కూడా ఆ ఫిర్యాదు మధ్యలోనే, నువ్వు పిలుస్తావు, నేను పలుకుతాను అనే దాకా వెళ్తాడు. మన నిరీక్షణ ఋతువుల మీద ఆధారపడింది కాదు, పిలిచేవాడి మీద ఆధారపడింది. అందుకే పౌలు పునరుత్థానం గురించి చెప్పేటప్పుడు ఆకును తీసుకోలేదు, విత్తనాన్ని తీసుకున్నాడు. యేసు కూడా గోధుమగింజనే తీసుకున్నాడు. జూన్‌లో నారుమడి పోసిన రైతుకు తెలుసు, పోసిన వడ్లగింజే నారై లేస్తుందని, దాని బదులు ఇంకోటి కాదని. "మళ్లీ పెళ్లి చేసుకో, అన్నీ మర్చిపోతావు" అనే బంధువులకు ఈ సంగతి తెలియదు.

సరే, ఇప్పుడు చేయాల్సిన పనులు.

నడక కొనసాగించండి, కానీ ప్రతి రోజూ ఏదో ఒక పాఠం ఏరుకుని రావాలని పెట్టుకోకండి. మన క్రైస్తవులకు ఒక రోగముంది, పువ్వు కనిపిస్తే చాలు ప్రసంగం చేసేస్తాం. కొంగ కదలకుండా నిలబడితే ఓర్పు, గిజిగాడు గూడు అల్లితే శ్రద్ధ అని మనకు అలవాటు. యేసు "అడవి పువ్వులు ఎలా ఎదుగుతున్నాయో ఆలోచించండి" అన్నాడు, నిజమే. ముందు వాటిని ఊరికే చూడండి. నీటికాకి మునిగి ఎంతసేపటికి తేలుతుందో చూడండి. తూము దగ్గర నీటి రంగు మారిందా, కట్ట మీద చెట్లలో ఏది ఆకు రాల్చింది, అంతే. మనసు తలపోతల నుంచి కాసేపు బయటికి వస్తుంది, దానికి అది చాలు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్రసంగాలు వింటూ నడిచేవాళ్లున్నారు. మీరు కొన్నాళ్లు అవి ఇంట్లో పెట్టండి.

వారంలో ఒకటి రెండు రోజులు ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. మగవాళ్లకు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడమంటే నోరు పెగలదు. పక్కపక్కన నడుస్తుంటే తనకు తానే వస్తుంది. ఎమ్మాయుకు వెళ్లే దారిలో దుఃఖముఖాలతో నడుస్తున్న ఇద్దరితో యేసు అదే చేశాడు. పక్కన చేరి, ఏం మాట్లాడుకుంటున్నారని అడిగి, వాళ్లు చెప్పుకునేదాకా ఆగాడు. అలాంటి మనిషిని ఎంచుకోండి. ఐదు నిమిషాలకోసారి వచనం చెప్పేవాణ్ణి వద్దు.

బస్సెక్కి వెళ్లే ఓపిక ఉన్నరోజు నర్సంపేట దాటి పాకాల వెళ్లండి. ఆదివారాలు, సెలవు రోజులు వద్దు, పిక్నిక్ జనం, పాటల గోల. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, కొండల మధ్య కట్ట వేసి ఆపిన నీళ్లవి. కట్టించినవాళ్లెవరూ మిగల్లేదు, ఆయకట్టుకు నీళ్లు మాత్రం ఇంకా పారుతున్నాయి. నేనైతే అక్కడ ఏమీ చేయకుండా కూర్చుంటాను. లక్నవరం కూడా బాగుంటుంది గానీ వేలాడే వంతెన దగ్గర సెల్ఫీల రద్దీ మీకు ఇప్పుడు చికాకు తెప్పిస్తుంది. అడవి లోపలికి ఒంటరిగా వద్దు. వానాకాలంలో మత్తడి దూకుతున్నప్పుడు కట్ట చివరికి వెళ్లొద్దు, పాచి పట్టిన రాయి మీద కాలు జారడం క్షణం పని.

ఫిబ్రవరి కదా, ఇప్పుడు రోడ్డు పక్కన మోదుగ చూడండి. ఒక్క ఆకు లేని కొమ్మల మీద ఎర్రగా పూస్తుంది. అది చూసి మీకు ఆనందం కలగకపోగా కోపం రావచ్చు. ఆమె లేకుండా ఇది ఎలా పూస్తోంది అని. మా ఆయన పోయిన ఏడు నాకు ఇప్పపూల వాసన పడేది కాదు. రాత్రంతా రాలి, తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉండేవి, ఆ తీపి వాసనకు కడుపులో తిప్పేది. కొన్ని అందాలు కొన్నాళ్లు నొప్పిగానే ఉంటాయి. దారి మార్చుకుని వెళ్లండి, తప్పేమీ లేదు.

కుండీల సంగతి. దీని గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, కానీ నాకు ప్రశ్న మొత్తంలో అదే బరువుగా కనిపించింది. ఎనిమిది నెలలుగా నీళ్లు పోయకుండా ఉంటే కొన్ని ఇప్పటికే ఎండిపోయి ఉంటాయి. వాటిని చూడడం అంటే రెండోసారి పోగొట్టుకున్నట్టు ఉంటుంది, అందుకే మీరు డాబా ఎక్కడం లేదు. ఒంటరిగా ఎక్కకండి. కోడలినో, పక్కింటి అమ్మాయినో, ఆమెతో కలిసి మొక్కలు మార్చుకున్న స్నేహితురాలినో పిలవండి. పూర్తిగా పోయినవి తీసి మట్టి ఒక మూలకు పోయండి. బతికున్నవాటికి నీళ్లు పోయండి. మల్లె ఉంటే, మామూలుగా డిసెంబరు, జనవరిలో కత్తిరిస్తారు, మీకు ఆలస్యమైంది. ఎండుపుల్లలు, ముసలి కొమ్మలు మాత్రం తీసేసి, మొదలు చుట్టూ గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు వేసి, నీళ్లివ్వండి. ఎండలు ముదిరేసరికి మొగ్గ పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు కూడా. ఆమె కత్తిరించినంత బాగా మీరు కత్తిరించలేరు, ఫర్వాలేదు.

ఒక జాగ్రత్త చెప్తాను. ఆ కుండీలను ఆమె గుర్తుగా పీఠం మీద పెట్టొద్దు. ఒక చెట్టు చచ్చిపోతే "ఆమెను నేనే మళ్లీ చంపాను" అనుకుని కుమిలిపోయినవాళ్లు ఉన్నారు. కరివేపాకు పిలకలు, గులాబీ కొమ్మలు నలుగురికీ పంచండి. అప్పుడు మీ ఒక్క డాబా మీదే అంతా ఆధారపడి ఉండదు.

అబ్రాహాము శారా కోసం ఏడ్చాడని ఆదికాండం 23లో ఉంది. ఏడ్చి లేచి, హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర బేరమాడకుండా 400 తులాల వెండి తూచి ఇచ్చి పొలం కొన్నాడు. కొన్నదాని వివరంలో గుహ ఒక్కటే కాదు, ఆ పొలంలో ఉన్న చెట్లన్నీ ఉన్నాయి. వాగ్దాన దేశంలో ఆయన సొంతంగా కొన్న భూమి అదే, భార్య సమాధి కోసం. కాబట్టి మీ భార్య సమాధి దగ్గర నీడ లేకపోతే, సంఘ పెద్దల అనుమతి తీసుకుని ఒక మొక్క నాటండి. వేపో, కానుగో, పెద్దగా నీళ్లు అడగనిది. పూలకైతే నందివర్ధనం, గన్నేరు. గన్నేరు విషం, పిల్లలు తిరిగే చోట వద్దు.

మీ ఆమె తరపువాళ్లలో హిందువులున్నారని రాశారు, కాకి వచ్చి గోడ మీద వాలితే "అక్క వచ్చింది" అంటున్నారని కూడా. వాళ్లతో వాదన పెట్టుకోకండి. అది వాళ్ల దుఃఖం, వాళ్ల పద్ధతి. మీ వరకు కాకిని కాకిగానే చూడండి. దేవుడు మేత పెడతాడని బైబిలు పేరు పెట్టి చెప్పిన పక్షుల్లో అదొకటి, అంత గౌరవం దానికి చాలు. ఇంట్లో ఆమె గొంతు వినిపించినట్టు, వంటింట్లో అలికిడి అయినట్టు అనిపించినా భయపడకండి. భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లలో చాలామందికి అలా అవుతుంది. పిచ్చీ కాదు, దయ్యమూ కాదు. దానికి ప్రత్యేక ప్రార్థనలు పెట్టించే అవసరం లేదు.

ప్రార్థన రావడం లేదన్నారు. రాకపోతే ఊరుకోండి. పైన రాసిన మూడో మూలుగు దానికోసమే ఉంది. కావాలంటే 23వ కీర్తన ఒక్కటే, అదీ కట్ట మీద నడుస్తూ, పైకి వినపడకుండా చెప్పుకోండి. శాంతికరమైన జలాల దగ్గరికి నడిపించేవాడే గాఢాంధకారపు లోయలో తోడుంటాడని అందులో ఉంది, లోయను ఎగిరి దాటిస్తాడని లేదు. చర్చికి వెళ్లడం మాత్రం పూర్తిగా మానేయకండి. పాటలు అయ్యాక, వాక్యం సమయానికి వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పి అని చెప్పినా దేవుడు ఏమీ అనుకోడు. ఇది కాస్త నవ్వులాటకే అన్నానులెండి, పాస్టరు గారికి నిజం చెప్పేస్తే ఇంకా మంచిది. బల్లారాధన, అంటే ప్రభువు భోజనం ఇచ్చే రోజు మాత్రం తప్పకుండా వెళ్లండి. చెరువు ఇవ్వలేనిది ఒకటుంది, అది అక్కడే దొరుకుతుంది. పరిశుద్ధుల సహవాసం అని విశ్వాస ప్రమాణంలో మనం చెప్పేదాంట్లో మీ భార్య కూడా ఉంది.

ముందున్న నెలలు ఎలా ఉంటాయో చెప్తాను. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు మీకు క్రిస్మస్ అంత కష్టంగా ఉండవు. అందరూ నవ్వాల్సిన కాలం కాదు కాబట్టి ఆ నలభై రోజులు దుఃఖంలో ఉన్నవాళ్లకు కాస్త చోటు దొరుకుతుంది. ఈస్టర్ వేకువ ఆరాధనకు మీ సంఘం సమాధుల దగ్గరికి వెళ్తుందని అనుకుంటున్నాను. క్యాథలిక్కులైతే నవంబరు 2న కూడా వెళ్లి కొవ్వొత్తులు పెడతారు. ఈస్టర్‌కు ముందు రోజే వెళ్లి గడ్డి పీకి, సున్నం వేయించి రండి. చీకట్లో జనం మధ్య మొదటిసారి సమాధిని చూడడం కష్టం, ముందు ఒకసారి ఒంటరిగా చూసి ఉంటే తేలిక. వేకువన అక్కడ నిలబడ్డప్పుడు మగ్దలేనే మరియ గురించి చదువుతారు. యేసును పెట్టిన సమాధి తోటలో ఉంది. ఆమె ఏడుస్తూ, ఎదురుగా ఉన్నాయన తోటమాలి అనుకుంది. పేరు పెట్టి పిలిచేదాకా ఆయనెవరో తెలియలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లు ప్రభువును వెంటనే గుర్తుపట్టలేకపోవడం సువార్తలోనే ఉందని మీ పెద్దాయనకు ఆ రోజు చెప్పండి.

తర్వాత రోహిణి కార్తె ఎండలు. ఆ రోజుల్లో నడక ఆరున్నరలోపే ముగించండి, నీళ్ల సీసా ఉండాలి. ఆ వెనకే మృగశిర, తొలకరి. అసలు కష్టం అక్కడ. తారీఖు గురించి మనం జాగ్రత్తపడతాం, వాసన గురించి పడం. మొదటి వానకు తడిసిన మట్టి వాసన, చేలల్లో ఎర్రటి ఆరుద్ర పురుగులు, ఇవి పోయిన జూన్‌లో ఆసుపత్రికీ ఇంటికీ తిరిగిన రోజుల్ని ఒక్కసారిగా ముందు పెడతాయి. ఆ వారంలో ఒంటరిగా ఉండొద్దు. కొడుకును అప్పుడే రమ్మని ఇప్పుడే చెప్పి పెట్టండి. జ్ఞాపకార్థ కూటం పెట్టుకుంటే చిన్నదిగా పెట్టుకోండి, భోజనాల హడావిడిలో మీరు ఏడవడానికి కూడా తీరిక లేకుండా చేసుకోవద్దు.

అప్పటికీ, అంటే ఏడాది నిండాక కూడా ఏ పూటా తేలిక అనిపించకపోతే, పనులేవీ చేసుకోలేకపోతుంటే, ఒళ్లు తగ్గిపోతుంటే, సాయంత్రాలు మందు సీసా వైపు చేయి వెళ్తుంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. తీరని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చికిత్స అవసరమైన స్థితిగా గుర్తించింది. షుగరుకు గోళీ వేసుకుంటే విశ్వాసం తగ్గిందని ఎవరూ అనరు కదా. తాగుడు అలవాటు విషయంలో మాత్రం ఏడాది ఆగొద్దు, ఇప్పుడే వెళ్లండి.

చివరిగా హైదరాబాద్ విషయం. మొదటి ఏడాదిలో ఇల్లు అమ్మడం, ఊరు మారడం లాంటివి పెట్టుకోవద్దని అందరికీ చెప్తాను, మీకూ అదే. కొడుకు ప్రేమతోనే అడుగుతున్నాడు, కాదనకుండా నెలలో నాలుగు రోజులు వెళ్లి రండి. కానీ అక్కడ ఎనిమిదో అంతస్తులో, పొద్దున కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లాక మీకు టీవీ తప్ప ఏమీ ఉండదు. ఇక్కడ కట్ట ఉంది, సమాధి ఉంది, చూసుకోవాల్సిన కుండీలున్నాయి, మీ భార్య పేరు తెలిసిన మనుషులున్నారు. వచ్చే దసరా దాటాక ఆలోచిద్దామని చెప్పండి. ఈలోగా వాడే వారం వారం వచ్చి మీతో కట్ట మీద నడిస్తే, తల్లి గురించి వాడికీ మాట్లాడుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. వాడికీ అమ్మ పోయి ఎనిమిది నెలలే.